మెష్ వైఫై యూనిట్లకు కేబుల్ కలిపితే పై అంతస్తులో స్పీడ్ పెరుగుతుందా? (నల్లగొండ, మూడు అంతస్తులు)

పానగల్లు_మేడ · నల్లగొండ

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ, పానగల్లు వైపు. కింద అమ్మానాన్నలు ఉంటారు, మొదటి అంతస్తులో మేము. పైన పెంట్‌హౌస్‌లో ఒక గది ఉంది, మా ఆవిడ ఆఫీసు పని అక్కడే చేసుకుంటుంది. హైదరాబాద్ కంపెనీ, వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే.

ఫైబర్ ప్లాన్ 200 ఎంబీపీఎస్. ఫైబర్ మోడెమ్ కింద హాల్లో గేటు వైపు గోడకు ఉంది. డ్యూయల్ బ్యాండ్ మెష్ (ఒకదానికొకటి నెట్ అందిస్తూ ఇల్లంతా ఒకే వైఫైగా పనిచేసే పెట్టెలు) మూడు యూనిట్లు తెచ్చి అంతస్తుకొకటి పెట్టాం. కింద ఫోన్‌లో 190 వస్తుంది. మొదటి అంతస్తులో 85, 90. పెంట్‌హౌస్‌లో 25 నుంచి 30. సాయంత్రం పిల్లలు టీవీలో వీడియో పెట్టారంటే పైన మీటింగులో మాట తెగిపోతుంది. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే కనిపిస్తాయి, నాకు అర్థం కానిది అదే.

షాపులో అడిగితే ఇంకో యూనిట్ కొనమన్నారు. యూనిట్ల వెనక రెండేసి లాన్ పోర్టులు ఖాళీగా ఉన్నాయి. వాటికి కేబుల్ కలిపితే లాభం ఉంటుందా? మొన్ననే రంగులు వేయించాం, గోడకు గాడి కొట్టడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

నెట్‌వర్క్_అక్క · సొంతూరు నకిరేకల్, పని హైదరాబాద్‌లో

తమ్ముడూ, మీ అంకెల్లోనే జవాబు ఉంది. 190, 90, 30. ఒక్కో యూనిట్ దాటేసరికి సగమో అంతకంటే తక్కువో అవుతోంది.

వైఫై రేడియో ఒకే ఛానెల్‌లో ఒకేసారి పంపడం, అందుకోవడం రెండూ చేయలేదు. డ్యూయల్ బ్యాండ్ మెష్‌లో మీ ఫోన్‌తో మాట్లాడేదీ, కింది యూనిట్‌తో మాట్లాడేదీ మామూలుగా ఒకటే 5 గిగాహెర్ట్జ్ రేడియో. మొదటి అంతస్తు యూనిట్ కింద నుంచి తీసుకుని, ఆగి, అదే గాలిలో మళ్లీ పైకి పంపాలి. పెంట్‌హౌస్ యూనిట్ దాన్ని అందుకుని మళ్లీ ల్యాప్‌టాప్‌కు పంపాలి. ఒకే డేటా మూడుసార్లు గాలిలోకి ఎక్కుతోంది. దానికి తోడు మధ్యలో రెండు ఆర్‌సీసీ స్లాబులు, లోపల ఇనుప చువ్వలు.

ఫోన్‌లో కనిపించే గీతలు మీకూ పక్కనున్న యూనిట్‌కూ మధ్య సిగ్నల్‌వి. ఆ యూనిట్‌కు కింద నుంచి ఎంత వస్తోందో అవి చెప్పవు. యూనిట్ల మధ్య నడిచే ఆ దారినే బ్యాక్‌హాల్ అంటారు. దాన్ని కేబుల్ మీదికి మారిస్తే రేడియో మొత్తం మీ ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకే మిగులుతుంది.

నాలుగో యూనిట్ కొనకండి. గాలిలో ఇంకో మజిలీ పెరగడం తప్ప ప్రయోజనం ఉండదు. ముందు యూనిట్ మోడల్ చూడండి, పోర్టులు గిగాబిట్‌వేనా (అంటే 1000 ఎంబీపీఎస్)? టీపీ-లింక్ డెకోలో ఎం4కి గిగాబిట్ పోర్టులు ఉంటాయి, ఈ4కి 100 ఎంబీపీఎస్ పోర్టులే. 2019 నాటి గూగుల్ నెస్ట్ వైఫై పాయింట్‌కు అసలు లాన్ పోర్టే లేదు. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి అడుగున అంటించిన లేబుల్ చదవండి.

పానగల్లు_మేడ

చూశాను అక్కా, గిగాబిట్ అనే ఉంది. మరి కేబుల్ ఏ దారిలో తీసుకెళ్లాలి? మెట్ల పక్క నుంచి బయటికి కనిపించేలా వేస్తే నాన్న ఊరుకోరు.

వనపర్తి_వైరింగ్ · వనపర్తి

అన్నా, డాబా మీద డిష్ యాంటెనా ఉండేదా ఎప్పుడైనా? ఉంటే దాని కేబుల్ గోడలో పైపులోంచే టీవీ బోర్డు దాకా దిగి ఉంటది. ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఆ పైపు ఊరికే పడి ఉంది. నేను చేసే పనుల్లో సగం అట్లనే అయిపోతయి.

పానగల్లు_మేడ

ఉంది! డిష్ తీసేసి చాలా కాలమైంది, కేబుల్ మాత్రం లోపలే ఉంది. డాబా నుంచి మొదటి అంతస్తు టీవీ బోర్డు, అక్కడి నుంచి కింద హాల్ టీవీ బోర్డు.

వనపర్తి_వైరింగ్

ఇంకేం, గోడ ముట్టుకునే పనే లేదు. ఆ పాత డిష్ కేబులే మీకు లాగుడు తాడు. చేసే పద్ధతి చెప్తా, జాగ్రత్తగా చదవండి.

ముందు పాత కేబుల్ రెండు చివర్లా పట్టుకుని మెల్లగా ఆడించి చూడండి. అటు లాగితే ఇటు కదిలితే దారి బాగున్నట్టే. కదలకపోతే మధ్యలో బెండ్ దగ్గర సిమెంటు పాలు దిగి బిగుసుకుని ఉంటది, బలవంతం చేయొద్దు.

కదిలితే దాని కొన దగ్గర పైతొడుగు జానెడు తీసేసి, కొత్త క్యాట్6 (లాన్ కేబుల్‌లో ఒక రకం) కేబుల్ కొన కూడా అంతే తీసి, లోపలి తీగలను ఒకదానికొకటి కొక్కెంలా మెలివేయండి. దాని మీద ఇన్సులేషన్ టేపు బిగుతుగా చుట్టండి, ముందు సన్నగా ఉండి వెనక్కి పోయేకొద్దీ లావు కావాలి. ముడి బొడిపెలా ఉంటే మొదటి బెండ్‌లోనే ఇరుక్కుంటది. కేబుల్‌కు కొంచెం టాల్కమ్ పౌడర్ రాస్తే జారుతది. పైన ఒకరు లోపలికి అందిస్తుండాలి, కింద ఒకరు లాగాలి, ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేయాలి. కేబుల్‌తో పాటు ఒక నైలాన్ దారం కూడా లాగి లోపల వదిలేయండి, రేపు ఇంకో కేబుల్ కావాలంటే పనికొస్తది.

కనెక్టర్ ముందే కొట్టించకండి, పైపులో పట్టదు. లాగడం అయిపోయాక క్రింపింగ్, అంటే కొనకు కనెక్టర్ బిగించడం.

దేవరకొండ_ఈసీఈ · దేవరకొండ

లాగే బలానికి కూడా హద్దు ఉంది. ప్రమాణం 110 న్యూటన్లు, అంటే సుమారు 11 కిలోల బరువు వేలాడదీసినంత. అది దాటితే లోపల జతజతగా మెలివేసిన తీగల మెలికలు సాగిపోతాయి, బయటికి కేబుల్ బాగానే కనిపిస్తుంది.

ఇంకో మాట, క్యాట్6 తప్పనిసరి కాదు. గిగాబిట్‌కు క్యాట్5ఈ చాలు, 100 మీటర్ల దాకా. రాగి జతల మీద గిగాబిట్ ప్రమాణం 1999లోనే వచ్చింది. క్యాట్6 మీద 10 గిగాబిట్ 55 మీటర్ల వరకు పోతుంది, కానీ ఇంట్లో 200 ప్లాన్‌కు దాని అవసరం ఏముంది?

నెట్‌వర్క్_అక్క

ఈ ప్లాన్‌కు అవసరం లేదు, నిజమే. కానీ గోడలోకి ఒకసారి వెళ్లిన కేబుల్ పదిహేనేళ్లు అక్కడే ఉంటుంది. మీటరుకు ఉండే చిన్న తేడా కోసం క్యాట్5ఈ వేయమని నేను చెప్పలేను.

అంతకంటే ముఖ్యమైనది రాగి. క్యాట్6 అని ముద్ర వేసి, లోపల అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన సరుకు బజారులో చాలా దొరుకుతుంది. ధర తక్కువ, పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. కేబుల్ ప్రమాణాల ప్రకారం తీగ అసలు రాగిదే అయి ఉండాలి. కొనేముందు ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి, పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా మెరిస్తే వదిలేయండి. అల్యూమినియం రెండు మూడుసార్లు వంచితే విరుగుతుంది, క్రింప్ దగ్గర కాలక్రమంలో వదులవుతుంది. 305 మీటర్ల పెట్టె మొత్తం మీకు అక్కర్లేదు, షాపులో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు, కానీ పెట్టె మీద ఏం రాసుందో చూసి కోయించుకోండి.

పాలమూరు_టీచరమ్మ · మహబూబ్‌నగర్

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మాది పాత ఇల్లు, రాయి, మట్టి గోడలు. రెండడుగుల మందం ఉంటుంది. వాకిలి గదిలో మోడెమ్, వెనక వంటింటి పక్క గదిలో నేను ఆన్‌లైన్ క్లాసులు చెబుతాను. రెండో యూనిట్ పెట్టినా అక్కడ 10 దాటదు. పైపులు ఏమీ లేవు, కరెంటు వైరు కూడా చెక్క పట్టీల మీద గోడ బయటే. కరెంటు సాకెట్‌లో పెట్టి కరెంటు తీగ మీదే నెట్ పంపే పరికరం ఉందని విన్నాను, అది పనిచేస్తుందా?

దేవరకొండ_ఈసీఈ

దాన్ని పవర్‌లైన్ అడాప్టర్ అంటారు మేడమ్. పనిచేస్తుంది, కానీ మీ ఇంట్లో ఎలా పనిచేస్తుందో పెట్టి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. రెండు సాకెట్లూ ఒకే ఫేజ్ మీద ఉండాలి. త్రీ ఫేజ్ కనెక్షన్ అయి ముందు గది ఒక ఫేజ్, వెనక గది ఇంకో ఫేజ్ అయితే స్పీడ్ పడిపోతుంది. ఇన్వర్టర్ లైను ఒకటి, నేరు లైను ఒకటి అయినా అదే కథ. అడాప్టర్‌ను నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే, ముఖ్యంగా సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నదైతే, సిగ్నల్‌ను అది మింగేస్తుంది. పాత వైరింగ్‌లో జాయింట్లు ఎక్కువ. పెట్టె మీద రాసిన అంకె చూసి మోసపోవద్దు. షాపువాళ్లు వాపసు తీసుకుంటామంటేనే కొనండి.

వనపర్తి_వైరింగ్

టీచరమ్మా, మీ ఇల్లు నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. మా వైపు సగం ఇళ్లు అట్లాంటివే. పవర్‌లైన్ జోలికి పోకండి. మీ గోడ పైన దూలాలు ఆనే చోట సందు ఉంటది, ఇంటికి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆ సందు వెంబడే తెల్ల పీవీసీ కేసింగ్ పట్టీ వేస్తే కింద నుంచి చూసేవాళ్లకు కనిపించదు. తలుపు గడప పక్కన ఒక్కచోట రంధ్రం చాలు. మట్టి గోడకు హామర్ మిషన్ పెట్టొద్దు, లోపల రాళ్లు కదులుతయి. పొడుగు బిట్టుతో మామూలు డ్రిల్లు, మెల్లగా, రెండు రాళ్ల మధ్య మట్టి ఉన్న చోట చూసుకుని.

ఎలుకలు ఉంటే మాత్రం కేబుల్‌ను ఎక్కడా ఒట్టిగా వదలొద్దు.

పాలమూరు_టీచరమ్మ

ఎలుకలు ఉన్నాయి బాబూ. పట్టీ వేయిస్తాను. కరెంటు వైరు పక్కనే ఈ కేబుల్ పోవచ్చా?

నెట్‌వర్క్_అక్క

ఒకే పట్టీలో, ఒకే పైపులో కరెంటు వైరుతో కలిపి వేయకూడదు మేడమ్. స్పీడ్ సంగతి తర్వాత, ముందు ప్రాణభయం. కరెంటు వైరు తొడుగు ఎక్కడైనా చిట్లితే 230 వోల్టులు లాన్ కేబుల్‌లోకి ఎక్కుతాయి. జానెడు ఎడం ఉంచండి. దాటాల్సి వస్తే అడ్డంగా, నిలువు గీత మీద అడ్డగీతలా దాటించండి, పక్కపక్కనే పొడుగునా పోనివ్వకండి.

మిల్లు_లెక్కలు · మిర్యాలగూడ

నాది రైస్ మిల్లు. గేటు దగ్గర వే బ్రిడ్జి గది, లోపల ఆఫీసు, మధ్య దూరం 140 మీటర్ల దాకా ఉంటుంది. కాటా చీటీలు ఆఫీసు కంప్యూటర్‌లో కనబడాలి, కెమెరాలు కూడా అటు నుంచే రావాలి. మెష్ యూనిట్లు పెడితే మధ్యలో రేకుల షెడ్లు, నిలబడ్డ లారీలు, సిగ్నల్ ఆగదు. ఇదే క్యాట్6 బయట స్తంభాల మీద నుంచి లాగొచ్చా? మధ్యలో ఒక నెట్‌వర్క్ స్విచ్ (లాన్ కేబుళ్లను కలిపే పెట్టె) పెడితే 100 మీటర్ల లెక్క సరిపోతుందని మా కెమెరాలు పెట్టినతను అంటున్నాడు.

నెట్‌వర్క్_అక్క

లెక్క సరిపోతుంది, కానీ ఆ పని చేయకండి సార్.

మే నెలలో మన దగ్గర సాయంత్రం గాలివాన, ఉరుములు మెరుపులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. రెండు భవనాల మధ్య గాల్లో వేలాడే రాగి తీగ, పిడుగు నేరుగా పడకపోయినా, దగ్గర్లో పడితే వోల్టేజీని పట్టుకుని రెండు చివరల పరికరాలకూ తెస్తుంది. పైగా మీ రెండు గదులకు వేరువేరు ఎర్తింగ్ ఉంటుంది. మోటార్లు ఆన్ అయినప్పుడల్లా రెండు ఎర్తుల మధ్య తేడా ఆ కేబుల్ మీదే పడుతుంది.

దీనికి ఫైబర్ ఒక్కటే సరైన మందు. గాజుపోగులో కరెంటు పారదు, 140 మీటర్లు దానికి దూరమే కాదు. సింగిల్ మోడ్ డ్రాప్ ఫైబర్ ఒక్క పోగుది తీసుకోండి. రెండు చివర్లా గిగాబిట్ మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను లాన్ కేబుల్‌కు కలిపే పెట్టె) ఒక్కొక్కటి. ఒకే పోగు మీద నడిచేవి జతగా వస్తాయి, ఒకటి 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద అందుకుంటుంది, రెండోది దానికి తిరగేసి. షాపులో రెండూ ఒకే రకం ఇచ్చేస్తే లింక్ రాదు, ఏ-బీ జతేనా అని అక్కడే చూసుకోండి. చివరలు అతకడానికి స్ప్లైసింగ్ మిషన్ ఉన్న కుర్రాళ్లు ఇప్పుడు ప్రతి పట్టణంలో ఉన్నారు, మీకు ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్‌నే అడగండి.

డ్రాప్ కేబుల్‌లో బరువు మోసే ఇనుప తీగ ఉంటుంది. దాన్ని స్తంభం దగ్గరే కట్టి ఆపేయండి, లోపల గదిలో పరికరాల దాకా తేవద్దు. ఇక అవతల గదిలో మెష్ యూనిట్‌ను కన్వర్టర్ నుంచి వచ్చే లాన్ కేబుల్‌కు కలపండి. యూనిట్‌కు మధ్యలో ఫైబర్ ఉందని తెలియను కూడా తెలియదు, కేబుల్ బ్యాక్‌హాల్‌గానే తీసుకుంటుంది.

మిల్లు_లెక్కలు

చాలా థ్యాంక్స్ మేడమ్. పోయిన వేసవిలో ఉరుముల రోజున కెమెరా రికార్డర్ పోర్టులు కాలిపోయాయి. ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఫైబరే వేయిస్తాను.

పానగల్లు_మేడ

నా సంగతి చెబుతాను. పాత డిష్ కేబుల్ కదిలింది, క్యాట్6 పైనుంచి కింద దాకా వచ్చేసింది. తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి క్రింపింగ్ చేశాడు. కింద మెయిన్ యూనిట్ నుంచి మొదటి అంతస్తు యూనిట్‌కు ఒక కేబుల్, దాని రెండో పోర్టు నుంచి పెంట్‌హౌస్ యూనిట్‌కు ఇంకో కేబుల్. యాప్‌లో రెండిటికీ ఈథర్నెట్ అని చూపిస్తోంది.

మొదటి అంతస్తులో 190 వస్తోంది! కానీ పెంట్‌హౌస్‌లో 93, 94 దగ్గరే ఆగిపోతోంది. ఉదయం చూసినా, అర్ధరాత్రి చూసినా అదే. ముందుకంటే ఎంతో మేలే, మీటింగులో మాట తెగడం లేదు. అయినా ఎందుకు ఆగుతోంది?

దేవరకొండ_ఈసీఈ

94 అంటే ఆ లింక్ గిగాబిట్‌కు బదులు 100 ఎంబీపీఎస్ మీద కూర్చుంది. 100 లింక్ మీద చేతికి వచ్చేది అంతే.

100కు నాలుగు తీగలు చాలు, 1, 2, 3, 6 పిన్నులవి. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. మిగతా 4, 5, 7, 8లో ఏదో ఒకటి సరిగా తగలడం లేదు, అందుకే యూనిట్లు రెండూ మాట్లాడుకుని 100కు దిగిపోయాయి. తీగ పూర్తిగా తెగితే వెంటనే తెలుస్తుంది, ఇలా సగం పనిచేస్తేనే ఎవరూ పట్టించుకోరు. లాన్ టెస్టర్ పెట్టి దీపాలు చూడండి.

వనపర్తి_వైరింగ్

రెండు చివర్లా వరుస ఇదే ఉండాలి, కనెక్టర్ క్లిప్పు కిందికి, బంగారు రంగు పళ్లు పైకి, కేబుల్ మీవైపు పెట్టుకుని ఎడమ నుంచి చూడండి: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. మెలిక అర అంగుళం కంటే ఎక్కువ విప్పొద్దు. తీగలు కనెక్టర్ ముందు గోడకు ఆనినయా లేదా ప్లాస్టిక్‌లోంచి చూడండి, ఎనిమిది రాగి చుక్కలు కనబడాలి. పైతొడుగు కూడా కనెక్టర్ లోపలికి పోవాలి, లేకుంటే లాగినప్పుడల్లా బరువు తీగల మీద పడతది.

పానగల్లు_మేడ

టెస్టర్‌లో 7వ దీపం వెలగలేదు. పెంట్‌హౌస్ చివర కనెక్టర్‌లో తెల్ల-గోధుమ తీగ పొట్టిగా ఉండి ముందు దాకా రాలేదు. కోసి మళ్లీ కొట్టించాం. ఇప్పుడు పైన కూడా 190! మా ఆవిడ ల్యాప్‌టాప్‌ను యూనిట్ రెండో పోర్టుకు నేరుగా కలిపాను, 195 చూపిస్తోంది. ఆవిడకు టెన్షన్ తగ్గింది, నాకు అది చాలు.

ఒక్క డౌట్. మోడెమ్‌కు కూడా వెనక పోర్టులు ఖాళీగా ఉన్నాయి. రేపు కింద టీవీ గదిలో ఇంకో యూనిట్ పెడితే దాన్ని మోడెమ్‌కే కలపొచ్చా?

నెట్‌వర్క్_అక్క

మీ మెష్ రూటర్ మోడ్‌లో ఉంటే, అంటే ఐపీ అడ్రసులు (పరికరాల నెట్‌వర్క్ చిరునామాలు) మెషే ఇస్తుంటే, కలపకూడదు. మెయిన్ యూనిట్ ఒక్కటే మోడెమ్‌కు తగలాలి, మిగతావన్నీ మెయిన్ యూనిట్ వెనక ఉండాలి. పోర్టులు చాలకపోతే మెయిన్ యూనిట్ తర్వాత 5 పోర్టుల గిగాబిట్ స్విచ్ పెట్టండి. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉంటేనే మోడెమ్‌కు నేరుగా కలపొచ్చు. ఆ మోడ్‌లో ఐపీ అడ్రసులు మోడెమే ఇస్తుంది, రెండు రూటర్లు ఒకదాని వెనక ఒకటి ఉండే గొడవ పోతుంది. కానీ మెష్ యాప్‌లోని పిల్లల కంట్రోల్ లాంటివి కొన్ని పనిచేయకపోవచ్చు. ఏ మోడ్ అయినా మోడెమ్ సొంత వైఫై ఆపేయండి, లేకుంటే అదే గాలిలో అనవసరంగా పోటీ పడుతుంది.

ఒకే రెండు పెట్టెల మధ్య రెండు కేబుళ్లు ఎప్పుడూ కలపకండి. డేటా అందులోనే గుండ్రంగా తిరిగే చుట్టు (లూప్) పడి నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది.

ఇంకా రెండు సంగతులు. మీ వరుసలో మొదటి అంతస్తు యూనిట్ ఆగితే పెంట్‌హౌస్ కూడా ఆగుతుంది కాబట్టి మోడెమ్, మూడు యూనిట్లు అన్నీ ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి. రెండోది ఎండ. ఇలాంటి పరికరాలకు కంపెనీలు సాధారణంగా చెప్పే హద్దు 40 డిగ్రీలు, మే నెలలో నల్లగొండలో బయటే అంతకు మించి ఉంటుంది. పెంట్‌హౌస్ యూనిట్‌ను స్లాబ్‌కు ఆనించి సజ్జ మీద పెట్టకండి, మూసిన చెక్క పెట్టెలో అసలే వద్దు. బల్ల ఎత్తులో గాలి తగిలేచోట పెట్టండి. యూనిట్లు ఇప్పుడు ఒకదాన్నొకటి వినాల్సిన పని లేదు, మెట్ల దగ్గరే ఉంచాలని లేదు, మనుషులు కూర్చునే చోటికి జరపండి.

జడ్చర్ల_కొత్తిల్లు · జడ్చర్ల

ఈ చర్చ అంతా చదివాను, మంచి సమయానికి దొరికింది. మా ఇల్లు కడుతున్నాం, మొదటి స్లాబ్ సెంట్రింగ్ అయింది, ఇనుము కడుతున్నారు. ఇప్పుడే నెట్ కోసం పైపులు వేయించాలంటే మేస్త్రీకి ఏం చెప్పాలి?

వనపర్తి_వైరింగ్

కరెంటు పైపులతో కలపకుండా నెట్‌కు వేరే పైపు, 25 మిల్లీమీటర్లది. సన్నది వద్దు. ఇంటర్నెట్ వచ్చే చోటు నుంచి హాల్ టీవీ బోర్డుకు ఒకటి, ప్రతి అంతస్తు సీలింగ్ మధ్యకు ఒకటి, డాబా మీదికి ఒకటి. అన్నీ ఒకేచోటికి రావాలి, అక్కడ లోతు పెట్టె ఒకటి, పక్కనే ఇన్వర్టర్ లైను సాకెట్ ఉండాలి. మలుపుల దగ్గర ఎల్బో వాడొద్దు, పొడుగు బెండ్లే వేయించండి. ప్రతి పైపులో జీఐ తీగ వదిలి, రెండు మూతులూ టేపుతో మూసేయమనండి. లేకుంటే కాంక్రీటు పాలు దిగి పైపు ఉన్నా లేనట్టే అయితది.

నెట్‌వర్క్_అక్క

గేటు వైపు గోడ నుంచి ఆ పెట్టె దాకా ఇంకో పైపు కూడా వేయించండి, ఫైబర్ లోపలికి రావడానికి. అది మరిచిపోతే రేపు కనెక్షన్ ఇచ్చేవాళ్లు కిటికీ చట్రానికి రంధ్రం కొడతారు. పోత పోసే ముందు పైపులన్నీ కనిపించేలా, టేపు కొలత పక్కన పెట్టి ఫోటోలు తీసుకోండి.

జడ్చర్ల_కొత్తిల్లు

రేపు పొద్దున్నే మేస్త్రీకి చూపిస్తాను. పైపులు పరిచాక ఫోటోలు ఇక్కడే పెడతా, పోత పోసేలోపు ఒకసారి చూసి చెప్పండి.